లేఖనం, పరంపర: కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల క్రైస్తవ సంఘాలు

క్రైస్తవ విశ్వాసానికి ప్రమాణం బైబిలు ఒక్కటేనా? లేక అపొస్తలుల కాలం నుంచి సంఘం నోటిమాటగా, ఆరాధనగా, ఆచారంగా కాపాడుకుంటూ వచ్చిన బోధ కూడా ప్రమాణమేనా? 16వ శతాబ్దం నుంచి కతోలికులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య నడుస్తున్న వాదం ఇది. మొదటి మాట ప్రొటెస్టెంట్లది, రెండోది కతోలికులది. మరియమాత భక్తి, ఉత్తరించు స్థలం, పునీతుల వేడుకోలు, పోపు అధికారం, శిశువుల బాప్తిస్మం వంటి చాలా తగాదాలు చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయాయి. వేదాంత పుస్తకాలు గీసే రెండు పక్షాల బొమ్మ ఈ ప్రాంతానికి సరిగా అతకదు. గ్రంథమే చాలునన్న మిషన్ ఇక్కడ చదువురాని పల్లెలకు చెవి ద్వారానే బోధించింది. పరంపరను నమ్మే కతోలిక సంఘం వ్యవస్థగా ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది, వచ్చినప్పుడు ఒకటి కాక రెండు పరంపరలను వెంటబెట్టుకొని వచ్చింది. ఇవాళ పట్టుదలగా సాగే వాదం కూడా కతోలికులకూ పాత ప్రొటెస్టెంటు సంఘాలకూ మధ్య కంటే, ఆ పాత సంఘాలకూ కొత్త స్వతంత్ర సంఘాలకూ మధ్యనే ఎక్కువ.

వాదం పుట్టుక

1521లో వర్మ్స్ సభ ముందు నిలబడిన మార్టిన్ లూథర్, లేఖనాల వల్లగానీ స్పష్టమైన హేతువు వల్లగానీ తన తప్పు రుజువైతే తప్ప మాట వెనక్కి తీసుకోనన్నాడు. పోపులూ సభలూ పొరపాటు పడతారని, ఒకరి మాట ఒకరు కాదంటారని ఆయన వాదన. దీనికి రోము జవాబు 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ మహాసభ నాలుగో సమావేశంలో వచ్చింది: సువార్త సత్యం రాసిన గ్రంథాల్లోనూ రాయని పరంపరల్లోనూ ఉంది, రెండింటినీ సమానమైన భక్తితో స్వీకరించాలి. ముసాయిదాలో సత్యం 'కొంత గ్రంథాల్లో, కొంత పరంపరల్లో' ఉందన్న అర్థం వచ్చేలా రాశారు. తుది పాఠంలో ఆ విభజన తీసేసి 'గ్రంథాల్లోనూ పరంపరల్లోనూ' అని మార్చారు. చిన్న సవరణలా కనిపించే ఈ మార్పు 400 ఏళ్ల తర్వాత పెద్ద చర్చకు దారి ఇచ్చింది.

ఉభయ పక్షాలూ బైబిలునే చూపుతాయి. లేఖనం దైవప్రేరితమని, దైవజనుణ్ణి ప్రతి సత్కార్యానికీ సిద్ధపరుస్తుందని చెప్పే 2 తిమోతి 3వ అధ్యాయం ప్రొటెస్టెంట్ల చేతి ఆయుధం. పెద్దల ఆచారం కోసం దేవుని ఆజ్ఞను పక్కన పెట్టారని యేసు పరిసయ్యులను నిలదీసిన మార్కు 7వ అధ్యాయాన్నీ వారు ముందుకు తెస్తారు. నోటిమాటగా గానీ పత్రిక ద్వారా గానీ నేర్చుకున్నదాన్ని గట్టిగా పట్టుకోమని పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక కతోలికుల ఆధారం. యేసు చేసినవన్నీ రాస్తే లోకం పట్టదన్న యోహాను సువార్త చివరి వచనం కూడా వారికి అక్కరకొస్తుంది. ఏవి లేఖనాలో తేల్చింది ఎవరన్నది మాత్రం ప్రొటెస్టెంట్లకు కొరుకుడుపడని ప్రశ్న. నేటి 27 కొత్త నిబంధన పుస్తకాల పట్టిక మొదట అలెగ్జాండ్రియా పీఠాధిపతి అథనేసియస్ 367లో రాసిన లేఖలో కనిపిస్తుంది, కార్తేజి సభ 397లో దాన్ని ఆమోదించింది. సంఘం పట్టికను సృష్టించలేదు, గుర్తుపట్టిందంతే అని ప్రొటెస్టెంటు సమాధానం. గుర్తుపట్టే అధికారమూ అధికారమే కదా అని కతోలిక ప్రత్యుత్తరం. రెండు వైపులా ఇంతకంటే పదునైన వాదన తర్వాతి కాలంలో పెద్దగా పుట్టలేదు.

గోదావరికి ఇటూ అటూ

ఈ రెండు జిల్లాలకు ప్రొటెస్టెంటు క్రైస్తవం వెస్లియన్ మెథడిస్టుల ద్వారా వచ్చింది. సికింద్రాబాద్ కేంద్రంగా 1880 ప్రాంతంలో విలియం బర్జెస్, బెంజమిన్ ప్రాట్ మొదలుపెట్టిన పని ఆ దశాబ్దంలోనే కరీంనగర్‌కు చేరింది. పొరుగున మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయినప్పుడు ఈ వెస్లియన్ సంఘాలు అందులో చేరాయి. కరీంనగర్ సీఎస్ఐ అధ్యక్షఖండం 1978లో ఏర్పడింది. దాని ప్రధానాలయం పేరు నేటికీ వెస్లీ కతెడ్రలే.

కతోలికుల పటం ఇంతకంటే చిక్కు. హైదరాబాదులో కతోలిక అధికార పీఠం 1851 నుంచి ఉన్నా, కరీంనగర్ వైపు వ్యవస్థ బలపడింది 1952 డిసెంబరు 22న వరంగల్ మేత్రాసనం (డయోసిస్) ఏర్పడ్డాకనే. దాని మొదటి పీఠాధిపతి ఇటలీ నుంచి వచ్చిన పీమే అనే మిషనరీ సంస్థ గురువు అల్ఫోన్సో బెరెత్తా. ఇది లాటిన్ రీతి సంఘం. గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళితే రీతే మారిపోతుంది. అక్కడ పని చేసినవారు కేరళ సీరో మలబార్ సంఘానికి చెందిన సీఎంఐ అనే సన్యాస సభ గురువులు. మహారాష్ట్రలోని చాందా కేంద్రంగా 1962లో వారికి అప్పగించిన ప్రాంతం 1977లో మేత్రాసనమైంది. దాన్నుంచి 1999లో ఆదిలాబాద్ మేత్రాసనాన్ని వేరు చేశారు. మంచిర్యాల దాని కేంద్రం, జోసఫ్ కున్నత్ మొదటి పీఠాధిపతి. అంటే గోదావరిఖని కతోలికుడు వంతెన దాటి మంచిర్యాలలో పూజకు కూర్చుంటే పోపు ఒక్కరే గానీ ప్రార్థనలు వేరు, పూజా క్రమం వేరు.

చెవికెక్కిన గ్రంథం

హైదరాబాద్ రాజ్యంలో 1901 జనాభా లెక్కల నాటికి అక్షరాస్యులు మూడు శాతం దరిదాపు. అందులోనూ కరీంనగర్ పల్లెల్లో క్రైస్తవంలోకి వచ్చినవారు ఎక్కువగా మాల, మాదిగ వాడలవారు. బడి గడప తొక్కనివ్వని కులాలు. పూర్తి తెలుగు బైబిలు 19వ శతాబ్దం నడుమనే అచ్చయిందన్నది నిజమే. కానీ ఆ గ్రంథం వాడకు చేరింది ఉపదేశి గొంతు మీద.

ఉపదేశి పని కూలి నుంచి జనం తిరిగొచ్చాక, దీపాలవేళ మొదలయ్యేది. బాప్తిస్మం కోరేవారికి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణం కంఠతా రావాలి. ఉపదేశి ఒక ముక్క చెబితే గుంపు తిరిగి అనేది, నోటికి ఎక్కేదాకా అదే ముక్క. తర్వాత యేసు ఉపమానమో, నిర్గమకాండంలోని కథో వచ్చేది. ఆ పైన కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి కీర్తనలు చేరిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంగా ఎందరి దగ్గర ఉండేదో గానీ, అందులోని పాటలు పుస్తకం అక్కర్లేకుండానే తరాలు దాటాయి. ఇప్పటికీ పెద్ద వయసు సీఎస్ఐ విశ్వాసిని సిలువ గురించి అడిగితే వచనం కంటే ముందు కీర్తన చరణం నోటికొస్తుంది.

అపొస్తలుల విశ్వాస ప్రమాణం బైబిల్లో ఎక్కడా ఆ రూపంలో లేదు. బాప్తిస్మం పొందేవారిని అడిగే ప్రశ్నలుగా మొదటి శతాబ్దాల సంఘంలో రూపు దిద్దుకున్న పాఠం అది, అసలు సిసలు పరంపర. గ్రంథమే చాలన్న మిషన్ పల్లె క్రైస్తవుడికి మొదట నేర్పినవాటిలో అదీ ఒకటి. మిషనరీలకు ఇందులో వైరుధ్యం కనిపించలేదు. విశ్వాస ప్రమాణం లేఖనాలకు కుదింపు అని వారి అవగాహన. కతోలికులు పరంపర గురించి చెప్పేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే ఆ కుదింపు సరైనదని తేల్చే అధికారం ఎవరిదన్న దగ్గర దారులు చీలతాయి.

నోటిమాట మీద నడిచే అధికారం ఈ నేలకు కొత్త కాదు. మాదిగలకు జాంబపురాణం వినిపించేవారు డక్కలివారు. ఆదిలాబాద్ గోండుల వంశగాథలు ప్రధానుల కిక్రి వాద్యం మీద నిలిచాయి. నార్నూరు మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు వెలుగులోకి వచ్చింది మొన్నమొన్ననే. ఎవరు చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, ఏది మార్చకూడదో తెలిసిన సమాజాలివి. ఉపదేశికి దక్కిన గౌరవం పుస్తకం వల్లనే వచ్చిందనుకోవడం సగం నిజమే.

తోమా మాట

పరంపరను కతోలికులు ఎలా పట్టుకుంటారో చూడాలంటే ఆదిలాబాద్ మేత్రాసనం కంటే మంచి ఉదాహరణ తెలుగునేల మీద అరుదు. సీరో మలబార్ సంఘం తనను తాను అపొస్తలుడైన తోమా వారసత్వంగా చెప్పుకొంటుంది. ఆయన క్రీ.శ. 52లో కొడుంగల్లూరులో దిగాడని సంఘం విశ్వాసం. ఇది కొత్త నిబంధనలో లేదు. తోమా భారతదేశ యాత్రను వివరించే 'తోమా కార్యములు' 3వ శతాబ్దపు సిరియక్ రచన, దానికి లేఖన స్థాయి ప్రధాన సంఘాలేవీ ఇవ్వలేదు. మిగిలినవి కుటుంబాల జ్ఞాపకం, పెళ్లి పాటలు, రంబాన్ పాట్టు అనే పాట, మార్గంకళి అనే నృత్యం. ఒక సంఘం తన పుట్టుకనే నోటిమాట మీద నిలుపుకొంటే పరంపర దానికి వట్టి సిద్ధాంతంగా ఉండదు.

ఆ పరంపరను గాయపరచినవారు ప్రొటెస్టెంట్లు కారు. 1599 జూన్‌లో ఉదయంపేరూరు సభలో గోవా ఆర్చిబిషప్ అలైషో డి మెనెజెస్ సిరియక్ గ్రంథాలను తెప్పించి దిద్దించాడు, కొన్నింటిని కాల్పించాడు. ట్రెంట్ పేరు మీద లాటిన్ పరంపర తోమా పరంపరను అణచిన సందర్భం అది. 1653 జనవరి 3న మట్టంచేరిలో కూనన్ సిలువ దగ్గర లాటిన్ పెత్తనాన్ని తిరస్కరిస్తూ జరిగిన ప్రమాణం, ఆపైన వచ్చిన చీలిక దాని ఫలితం. రోముతో మిగిలినవారికి స్వంత పీఠాధిపతుల వ్యవస్థ 1923లో గానీ రాలేదు. పరంపర అంటే ఏకవచనం అనుకునేవారు ఈ చరిత్ర చూడాలి. సీరో మలబార్ పూజలో గురువు ప్రజల వైపు తిరగాలా, బలిపీఠం వైపు తిరగాలా అన్నదాని మీద 2021 సినడు నిర్ణయం తర్వాత ఎర్నాకుళంలో రేగిన గొడవ కూడా ఇలాంటిదే. అది బైబిలు మీద తగాదా కాదు, ఏ నాటి పరంపర అసలైనదన్న తగాదా.

మంచిర్యాల పూజా క్రమానికి మూలమైన అద్దాయి–మారి ప్రార్థన ప్రపంచంలో నేటికీ వాడుకలో ఉన్న అతి ప్రాచీన బలి ప్రార్థనల్లో ఒకటి. దాని పాత ప్రతుల్లో యేసు కడరా విందులో పలికిన మాటల కథనం లేదు. కతోలికులు ఆ కథనాన్ని చేర్చి వాడుతున్నారు. అస్సీరియన్ తూర్పు సంఘం చేర్చకుండానే వాడుతుంది. ఆ రూపం కూడా చెల్లుతుందని రోము 2001లో ఒప్పుకుంది. ప్రార్థన అంత ప్రాచీనమైనది, ఆ సంఘం నిజమైన సంఘం, కాబట్టి మాటలు విడిగా లేకపోయినా ప్రార్థన అంతటా పరచుకొని ఉన్నాయన్నది కారణం. పరంపర వాదానికి ఇంతకంటే నిక్కచ్చి ప్రయోగం దొరకడం కష్టం.

66, 73

ప్రొటెస్టెంట్ల పరిశుద్ధ గ్రంథంలో 66 పుస్తకాలు, కతోలికుల బైబిల్లో 73. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడి జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు అదనం. ఎస్తేరు, దానియేలులో కొన్ని భాగాలు కూడా ఉన్నాయి. చనిపోయినవారి కోసం ప్రార్థన చేయడానికి కతోలికులు చూపే ఆధారం మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం. అందువల్ల పుస్తకాల లెక్క ఉత్త లెక్కగా ఆగదు.

ఈ ఏడింటినీ లూథర్ తీసిపారేశాడని మన వైపు కతోలికులు తరచూ అంటారు. లూథర్ 1534 బైబిల్లో వాటిని విడిగా ఒక చోట చేర్చాడు గానీ తీసేయలేదు. ఆంగ్లికన్ నిబంధనలు కూడా నడవడి కోసం చదవవచ్చు, సిద్ధాంతానికి వాడకూడదు అని ఊరుకున్నాయి. తెలుగు ప్రొటెస్టెంటు చేతికి వచ్చిన బైబిల్లో అవి బొత్తిగా లేకపోవడానికి దగ్గరి కారణం, అలాంటి గ్రంథాలున్న ప్రతులకు తమ డబ్బు పెట్టకూడదని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ 1820లలో చేసుకున్న తీర్మానం. దాన్ని చేసింది ఏ సంఘ మహాసభా కాదు, ఒక ముద్రణ సంస్థ కార్యవర్గం. లేఖనమే చాలన్న విశ్వాసికి ఏది లేఖనమో తేల్చినవారిలో లండన్ దాతలూ ఉన్నారన్నమాట.

కతోలికుల వైపు కథ వేరు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనం' పేరుతో క్రీస్తు కథను తెలుగు పద్యాల్లో చెప్పాడు. కానీ విశ్వాసి చేతిలో పూర్తి బైబిలు ఉండాలన్న పట్టుదల రెండో వాటికన్ మహాసభ తర్వాతి మాట. అంతవరకూ పూజ లాటిన్‌లో, ఇంట్లో జపమాల, చేతిలో జ్ఞానోపదేశం ప్రశ్నోత్తరాలు. పూదోట జోజయ్య వంటి గురువుల అనువాద కృషితో కతోలిక తెలుగు బైబిలు ఇళ్లకు చేరడం 20వ శతాబ్దం చివరి దశాబ్దాల ముచ్చట.

దగ్గరైన చోటు

1965 నవంబరు 18న రెండో వాటికన్ సభ వెలువరించిన దైవావిష్కరణ పత్రం లేఖనమూ పరంపరా ఒకే ఊట నుంచి పారుతున్నాయంది. బోధనాధికారం దేవుని వాక్కు కంటే పైది కాదు, దానికి సేవకురాలంది. అంతకు రెండేళ్ల ముందు మాంట్రియల్‌లో ప్రొటెస్టెంట్లు, ఆర్థడాక్సులు కూడిన విశ్వాస–సంఘక్రమ మహాసభ, లేఖనమే తొలి సంఘపు పరంపరలో పుట్టిందని ఒప్పుకుంది. ఎవరి సిద్ధాంతాన్నీ ఎవరూ వదులుకోలేదు. వాదం మాత్రం 'ఏది' అన్న ప్రశ్న నుంచి 'ఎవరు తేల్చాలి' అన్న ప్రశ్నకు జరిగింది.

సీఎస్ఐ ఇక్కడ మధ్యస్థంగా ఉంటుంది. దాని రాజ్యాంగం రక్షణకు అవసరమైనదంతా లేఖనాల్లో ఉందని, విశ్వాసానికి అదే సర్వోన్నత ప్రమాణమని అంటూనే, అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలను, చారిత్రక బిషప్ పరంపరను అంగీకరించింది. 325 నాటి నైసియా సభ కుమారుడు తండ్రితో 'ఏకతత్త్వం' గలవాడని వాడిన మాట బైబిల్లో లేదు, ఆదివారం సీఎస్ఐ సంఘం దాన్ని నిలబడి పలుకుతుంది. కరీంనగర్‌కు వచ్చిన వెస్లియన్ వారసత్వమూ ఈ పోకడకు సాయపడింది. జాన్ వెస్లీ తాను ఒక్క పుస్తకపు మనిషినన్నాడు గానీ తొలి సంఘ పితరుల రచనలను విపరీతంగా చదివాడు. లేఖనం, పరంపర, హేతువు, అనుభవం అని ఆయన పద్ధతిని 20వ శతాబ్దంలో ఆల్బర్ట్ ఔట్లర్ నాలుగు మాటల్లో పెట్టాడు. మొదటి పీఠం లేఖనానిదే.

సీఎస్ఐ పరంపరకూ చోటిచ్చిందనడానికి కంటికి కనిపించే రుజువు ఒకటుంది. 1950లో వచ్చిన సీఎస్ఐ ప్రభు భోజన క్రమంలో సమాధానం ఇచ్చిపుచ్చుకునే ఘట్టం తోమా క్రైస్తవుల ఆరాధన నుంచి తీసుకున్నది. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని అందుకునేవారి కుడి అరచేతికి ఆనిస్తారు. ఆపైన ఇద్దరూ తమ ఎడమ చేతిని అవతలివారి కుడిచేతి మీద మూస్తారు. బల్ల దగ్గర పాస్టరు అయ్యగారు మొదలుపెట్టింది వరస వెంట వరసగా చివరి చాపదాకా సాగాలి. మంచిర్యాల పూజలోనూ సమాధానం బలిపీఠం నుంచి చేతులు మారుతూ సభలోకి వస్తుంది. కరీంనగర్ ప్రొటెస్టెంటు, ఆదిలాబాద్ కతోలికుడు ఒకరి గుడిలోకి ఒకరు పోకపోయినా వాడే సంజ్ఞ ఒకే సిరియక్ పరంపరది.

కొత్త సంఘాల వాదం

సింగరేణి బొగ్గు గనుల పట్టణాల్లో సీఎస్ఐ, కతోలిక గుళ్లతో పాటు బ్రదరెన్, పెంతెకొస్తు, అడ్వెంటిస్టు, స్వతంత్ర సంఘాలు బాగా పెరిగాయి. వీటి దృష్టిలో సీఎస్ఐ కూడా పారంపర్యాచారాల సంఘమే. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వమని బైబిల్లో ఎక్కడుందని బాప్తిస్టులు, పెంతెకొస్తులు అడుగుతారు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా మార్చింది ఎవరని అడ్వెంటిస్టులు అడుగుతారు. అచ్చం ఈ ప్రశ్ననే కతోలికులూ ప్రొటెస్టెంట్ల మీదికి వదులుతారు, వారికి కావలసిన జవాబు వేరు. డిసెంబరు 25 బైబిల్లో లేదని క్రిస్మస్ చేయని సంఘాలూ ఉన్నాయి.

మనుషుల కట్టడలేవీ వద్దన్న ఉద్యమాల్లో తెలుగునాట అన్నిటికంటే ప్రభావం చూపింది బక్త్‌సింగ్ (1903–2000) సహవాసాలది. 1950 నుంచి హైదరాబాదులోని హెబ్రోను వాటి కేంద్రం. అక్కడ నేల మీద కూర్చోవడం, గంటల తరబడి సాగే ఆరాధన, ప్రేమ విందు, సీయోను గీతములు ఇవాళ ఏ పాత సంఘపు క్రమానికీ తీసిపోనంత గట్టిగా స్థిరపడ్డాయి. రెండు తరాలు గడిస్తే ఏ సంఘానికైనా పరంపర ఏర్పడుతుంది, దాన్ని ఒప్పుకునే సంఘాలు తక్కువ. ఇంకో దారి ముంగమూరి దేవదాసుది. లూథరన్ సంఘంలో పెరిగిన ఆయన తనకు కలిగిన దైవదర్శనం ఆధారంగా 1938లో బైబిలు మిషను స్థాపించాడు. పేరులో బైబిలు ఉన్నా, ప్రార్థనలో కనిపెడితే దేవుడు నేడూ నేరుగా మాట్లాడతాడన్నది అక్కడి బోధ. లేఖనం, పరంపరల పక్కన ఇది మూడో ప్రమాణం. ఆధునిక పెంతెకొస్తు ప్రవచనాలు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి.

బతుకులో

సిద్ధాంతం ఎంత గట్టిదైనా సమాధుల దగ్గర సడలుతుంది. నవంబరు 2న కతోలికులు సమాధులను శుభ్రం చేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించి చనిపోయినవారి కోసం పూజ చేయించుకుంటారు. ఉత్తరించు స్థలాన్ని నమ్మని ప్రొటెస్టెంటు కుటుంబాలు కూడా చాలాచోట్ల అదే రోజున గానీ ఈస్టరు తెల్లవారుజామున గానీ సున్నం వేసి, పూలు పెట్టి వస్తాయి. ప్రార్థన వారి కోసం కాదు, వారిని తలచుకొని దేవునికి స్తుతి అని పాస్టరు చెబుతారు. ముసలమ్మలు ఆ తేడాను అంతగా పట్టించుకోరు.

మరియమాత దగ్గర ఇంత వెసులుబాటు లేదు. ఆమె పాపరహిత జన్మను 1854లోను, శరీరంతో పరలోకానికి ఎత్తబడటాన్ని 1950లోను పోపులు విశ్వాస సత్యాలుగా ప్రకటించారు. రెండింటికీ స్పష్టమైన వచనం లేదు, సంఘపు ప్రాచీన విశ్వాసమే ప్రధాన ఆధారం. పరంపరకు కట్టుబడినవారు కూడా 1917 నాటి ఫాతిమా దర్శనాన్ని దీనితో కలపరు. అది వ్యక్తిగత దర్శనం, నమ్మితీరాలన్న నియమం లేదు. కాజీపేట ఫాతిమానగర్‌లోని వరంగల్ ప్రధానాలయం ఆ మాత పేరు మీదే ఉంది, అక్కడికి వచ్చే భక్తులకు ఈ వర్గీకరణతో పని పడదు.

వాదం కుటుంబాల మీద నేరుగా పడేది పెళ్లి దగ్గర. సీఎస్ఐలో నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో పొందిన బాప్తిస్మాన్ని కతోలిక సంఘం గుర్తిస్తుంది, మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వదు. సీఎస్ఐ కూడా కతోలికుల జ్ఞానస్నానాన్ని గుర్తిస్తుంది. ఇద్దరి మధ్య పెళ్లికి పీఠాధిపతి అనుమతి కావాలి, పిల్లలను తన విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని కతోలిక పక్షం మాటివ్వాలి. అదే జంటలో ఒకరు బాప్తిస్టు లేదా పెంతెకొస్తు సంఘంలో చేరదలిస్తే, కతోలికులైనా సీఎస్ఐవారైనా పసితనంలో పొందినది అక్కడ లెక్కకు రాదు. మళ్లీ నీళ్లలో మునగవలసిందే.